గడ్డి కోసే మిషన్ గారికి ఖాళీ సిబ్బి రాసిన ఉత్తరం

హన్మకొండ,
భాద్రపద బహుళ ఏకాదశి

మహారాజశ్రీ గడ్డి కోసే మిషన్ గారి సముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరు మొన్న దయచేసి పోయిన చెరువు కట్ట కింది జాగా కూడా క్షేమమే. యాములాడ రాజన్నకు మొక్కు చెల్లించుకొని ఇప్పుడే బస్సు దిగిన గుండులెక్క నున్నగా మెరుస్తున్నది. పొద్దున తొమ్మిదింటికి తమరి తాడు గుంజారు, పదకొండున్నరకు ఆపారు. ఆ రెండున్నర గంటల్లో నడుమెత్తు గునుగంతా నేల మీద పడుకున్నది. పక్కనే కొత్త ఫ్లెక్సీ కట్టారు: ‘బతుకమ్మ ఏర్పాట్లలో భాగంగా పరిసరాల శుభ్రత’. బతుకమ్మ ఆడే జాగా కోసం బతుకమ్మ పూలను కోసేసిన ఘనత తమరికే దక్కింది. ఇంక నాలుగు రోజుల్లో పెత్రమాస. ఎంగిలిపూల బతుకమ్మకు సిబ్బిలో పూలకు బదులు ఫ్లెక్సీని పేర్చాలో, కట్టిన తాడును పేర్చాలో తమరే సెలవియ్యాలి.

తమరికి తెలియనిది కాదు, అయినా మనవి చేసుకుంటున్నాం. గునుగు ఒక్క వానాకాలం బతికే మొక్క. తొలకరికి మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు కూర వండుకుంటారు. శ్రావణమంతా ఎదిగి, భాద్రపదానికి కొసన కంకి తీస్తుంది. ఆ కంకిని ఒక్కసారి దగ్గరగా పట్టుకొని చూడండి. కొసకు గులాబి రంగు, కిందికి వచ్చినకొద్దీ తెలుపు, అడుగున పొట్టులా ఎండిన వెండి రంగు. పూత కింది నుంచి పైకి నడుస్తుంది గనుక, పైన ఇంకా మొగ్గ ఉండగానే అడుగున గింజ కడుతుంది. ముదిరిన గింజ నల్లగా, నున్నగా, ఆవగింజకన్నా చిన్నగా ఉంటుంది. కంకిని అరచేతి మీద తలకిందులు చేసి తడితే జారి పడుతుంది. తమరు వచ్చిన నాడు కట్ట కింది కంకులు దాదాపు నిలువునా గులాబి రంగే. అంటే గింజ ఇంకా పచ్చిదే. ఆ పచ్చిగింజతోనే కోసి కుప్పేశారు.

ఆడోళ్ళు కూడా తెంపుతారు కదా అని తమరు అడగవచ్చు. తెంపుతారు. చేత్తో, ఏరి, పెద్ద కంకులను తెంపుతారు. పక్క కొమ్మల మీద చిన్న కంకులు మిగులుతాయి. దసరా పోయినంక అవి తీరిగ్గా ముదిరి నేల మీద రాలుతాయి. వచ్చే ఏటి బతుకమ్మకు విత్తనం అవే. తమరు మడమెత్తున కొడితే ఆకు ఉండదు, పక్క కొమ్మ ఉండదు, మిగిలిన మోడు మళ్ళీ చిగురు తీసి కంకి కట్టేసరికి వానలు వెళ్ళిపోతాయి. మట్టిలో నిద్రపోతున్న పాతగింజ కొంతకాలం ఆదుకుంటుంది గనుక మొదటి ఏడు తేడా కనిపించదు. ‘పోయినేడు కోసినం, మళ్ళ మొలిచింది గదా’ అని సూపర్‌వైజర్ అనేది అందుకే. ఆ నిల్వ ఏటేటా తరుగుతూ పోయి ఒక ఏడు అడుగంటుతుంది. పత్తిచేన్ల గట్ల మీద ఇప్పటికే గడ్డిమందు కొడుతున్నారు. ఊరి గునుగు ఊళ్ళో పోయింది, పట్నం గునుగు తమరి పాలబడ్డది. ఇక చౌరస్తాలో రంగునీళ్ళలో ముంచిన కట్టలు కొనుక్కొని వేయిస్తంభాల గుడికి పోవాలె.

తంగేడు సంగతి. 2014లో రాష్ట్ర పువ్వు అని ప్రకటించిన తంగేడును కూడా తమరు గడ్డి కింద జమకట్టారు. దాని పువ్వులో తేనె ఉండదు, వచ్చిన పురుగుకు దొరికేది పుప్పొడి ఒక్కటే. అదీ ఊరికే రాలదు. కేసరాల కొసన ఉన్న సన్నటి బొక్కలోంచి బయటికి రావాలె. నల్ల తుమ్మెద వచ్చి, పువ్వును కాళ్ళతో గట్టిగా కరుచుకొని, ఒళ్ళంతా వణికిస్తూ ఝుమ్మంటుంది. ఆ వణుకుకు పుప్పొడి దాని పొట్ట మీద చల్లినట్టు పడుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. తమరూ ఝుమ్మంటారు. తుమ్మెద ఝుమ్మంటే కాయ కాస్తుంది, తమరు ఝుమ్మంటే మొద్దు మిగులుతుంది.

తమరు, గారు అని ఇంకెంతసేపు రాయాలె? చేతనైతలేదు.

నువ్వు శుభ్రం చేసిన అని మురుస్తున్నవు గని, ఏం మిగిల్చినవో చూసినవా? వయ్యారిభామ! 1955లో పుణే దగ్గర కనబడి దేశమంతా పాకిన ఆ దరిద్రం నువ్వు కొడితే చావదు. మొదలు కాడ నాలుగు కొత్త కొమ్మలు వేసి, ఇంకింత గుబురుగా లేస్తది. ఒక్క మొక్కకు వేల గింజలు. పూతకొచ్చినంక కోసినవంటే ఆ గింజ నీ డిస్కుకు, నిన్ను మోసేటోని బూట్లకు అంటుకొని పక్క ప్లాటుకు పోతది. వానాకాలం పూలను కోసి, దురదలు తెచ్చేదానికి జాగా ఖాళీ చేసి ఇస్తున్నవు. దానికి బిల్లు కూడా పెడుతున్నరు.

వయ్యారిభామకు కావలసింది చెయ్యి. జులైల రెండు మంచి వానలు పడ్డంక, మట్టి మెత్తగున్నప్పుడు, తెల్లపూత రాకముందే, గ్లౌజులు తొడుక్కొని వేరుతో పీకాలె. నిండు చేతుల అంగీ వేసుకోవాలె, లేకుంటే ఒంటి మీద దద్దుర్లు లేస్తయి. పూత రాకముందు పీకింది కుప్ప పెడితే ఎరువైతది. నలుగురు కూలోళ్ళకు పని దొరుకుతది. నీకు మాత్రం ఆ నెలల పని లేదు.

దోమల కోసం కోస్తున్నం అంటరు. ఎదిగిన దోమ పగటిపూట నీడకు గడ్డిల కూసుంటది, నిజమే. గని పుట్టేది నీళ్ళల్ల. కట్ట మీద పడేసిన కొబ్బరి బోండాలు, పాత టైర్లు, డిస్పోజబుల్ గిలాసలు వారానికొక్కసారి బోర్లిస్తే అయిపోయె. పాములంటరు. పాము ఎలుక కోసం వస్తది, ఎలుక చెత్తకుప్ప కోసం వస్తది. ఆ కుప్పను నువ్వు ముట్టుకోవు.

జిల్లేడు, తంటెం కూడా పోయినయి. జిల్లేడు ఆకు తిని ఒంట్ల విషం పెంచుకునే చారల గొంగళ్ళు నారింజరంగు సీతాకోకచిలుకలైతయని, సెప్టెంబరుల జనం నోటుబుక్కులు పట్టుకొని వాటిని లెక్కపెడుతరని నీకెవ్వడు చెప్తడు?

ఇంకొకటి. పోయినేడు నాటిన కానుగ మొక్కల ట్రీగార్డుల్లకు నీ 2.4 మిల్లీమీటర్ల నైలాన్ తీగ దూరుతది. మొదలు చుట్టూ తోలు గీరుకపోతది. తోలు చుట్టూతా పోయిందంటే ఆకు చేసిన తిండి వేరుకు దిగదు, మొక్క నిలబడే చస్తది. రెండు నెలలకు వచ్చి ‘నీళ్ళు పోయలే’ అని రాసుకుంటరు. మొదలు చుట్టూ మూరెడు మేర చేత్తో పీకి ఎండాకు పరిస్తే నువ్వు ఆడికి రావలసిన పనే ఉండదు. తెగిన నైలాన్ ముక్కలు మట్టిల్నే, అది వేరే సంగతి.

నువ్వే వద్దని కాదు. బాటకు రెండు దిక్కుల మీటరు వెడల్పున, జానెడు ఎత్తు ఉంచి కొయ్యి, ఎవ్వరు కాదనరు. మిగతా జాగాకు కార్తీకం దాటి, కంకులు పూర్తిగా ఎండి, డిసెంబరుల రా. అప్పుడైనా మూడింట ఒకపాలు వదిలెయ్యి, ఆ కాడల్ల పురుగుల గుడ్లుంటయి. కోసిన కాడను మూణ్నాలుగు రోజులు ఆన్నే పడి ఉండనియ్యాలె, గింజ రాలినంకనే ఎత్తాలె. తంగేడు పొదల కాడ ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతుతం, అది జూసి పక్కకు తిరుగు.

నువ్వు వినవని తెలుసు. అందుకే సాక్ష్యం జమ చేస్తున్నం. నాలుగు మీటర్ల తాడు, నాలుగు పుల్లలు. మీటరు చదరం కట్టి, దాంట్ల ఏ మొక్క, ఎన్ని అని రాసుడు. కట్ట పొడుగూతా పది జాగలల్ల, ఏటా భాద్రపదంల, అవే జాగలల్ల. నువ్వు తిరిగిన కాడ అయిదు, తిరగని కాడ అయిదు. మూడేండ్ల కాగితాలు పక్కపక్కన పెట్టినప్పుడు ‘మళ్ళ మొలిచింది గదా’ అన్న సూపర్‌వైజరును పిలుస్తం.

నిన్ను భుజాన మోసే తమ్మునితోని మాకు పంచాయితీ లేదు. ఆ పిలగానికి కండ్లద్దాలు లేవు, చెవుల్లకు ఏం లేదు, పక్కనుంచి పిల్లలు బడికి పోతుంటే పదిహేను మీటర్లు ఎడం ఉంచుమని చెప్పినోడు లేడు. లీటరు పెట్రోలుకు నలభై మిల్లీలీటర్ల ఆయిల్ లెక్క మాత్రం నేర్పిండ్రు. మొన్న కట్ట కొసకు పోయినంక ఎందుకో కొద్దిసేపు నిన్ను ఆపిండు. ఒక కరెంటు స్తంభం చుట్టూ పదిహేనిరవై గునుగు మొక్కలు అట్లనే నిలబడి ఉన్నయి.

ఏ స్తంభమో నీకు చెప్పం.

ఇట్లు,
ఖాళీ సిబ్బి పట్టుకున్నోళ్ళు