నల్లరంగు ఒకటే, గరుకు మాత్రం మూడు రకాలు

పోయిన ఆదివారం పొద్దున్నే నా థార్ జీపు కడిగి అపార్ట్‌మెంట్ బయట ఎండలో ఆరబెట్టాను. ఎండ ఇంకా ఏటవాలుగా పడుతోంది. సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ కింద ఇన్నాళ్లూ కనబడనిది అప్పుడు కనబడింది. డోర్ల కింద రాళ్లు తగలకుండా కాసే ఇనుప పైపు, అదే రాక్ స్లయిడర్, దాని మీద బొంబాయి రవ్వ చల్లినట్టు పెద్ద పలుకు. వెనక బంపర్ మీద ఉప్పు కాగితంలా సన్నటి గరుకు. రూఫ్ ర్యాక్ కూడా గరుకే, కానీ నూనె రాసినట్టు ఒక మెరుపు. మూడు షాపుల్లో కొన్నాను. మూడు చోట్లా "టెక్స్చర్డ్ మాట్ బ్లాక్", అంటే గరుకుగా ఉండే మెరుపు లేని నలుపు, అనే చెప్పారు. అన్నీ కలిపి లక్షకు దగ్గరైంది.

రాక్ స్లయిడర్ అమ్మినతనికి ఫోన్ చేశాను. "సార్, బ్లాక్ అంటే బ్లాకే కదా, ఆఫ్‌రోడ్ బండికి మట్టి పడ్డాక ఏం తెలుస్తుంది" అన్నాడు. ఈ మాటకే నాకు ఒళ్లు మండింది. మట్టి పడితే ఇంకా బాగా తెలుస్తుంది. అనంతగిరి వైపు ఒక్కసారి పోయొస్తే చాలు. సన్నటి గరుకు మీది ఎర్రమట్టి పైపు నీళ్లకే జారిపోతుంది. పెద్ద పలుకు సందుల్లో దూరిన మట్టిని బ్రష్ పెట్టి రుద్దినా పూర్తిగా వదలదు. రెండు కడుగుళ్లు అయ్యేసరికి ఒకటి నల్లగా, పక్కది ఇటుక పొడి రాసినట్టు కనిపిస్తుంది.

ఇది పెయింటు కాదు, పౌడర్ కోటింగ్. స్ప్రే గన్‌తో రంగు పొడికి కరెంటు చార్జ్ ఇచ్చి కొడతారు. అది ఎర్త్ చేసిన ఇనుముకు అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో సుమారు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో పది, ఇరవై నిమిషాలు ఉంచితే కరిగి, పరుచుకుని, గట్టిపడుతుంది. మామూలు పొడి కరిగినప్పుడు అద్దంలా సమంగా పరుచుకుంటుంది. టెక్స్చర్ పొడిలో అలా పరుచుకోనివ్వని పదార్థాలు కలుపుతారు. అంటే ఆ పలుకు పుట్టేది ఓవెన్‌లోనే. ఏ పొడి వాడారు, ఎంత మందంగా కొట్టారు, లోహం ఎంత త్వరగా వేడెక్కింది అన్నదాన్ని బట్టి గరుకు మారిపోతుంది. పలుచటి రేకు త్వరగా వేడెక్కుతుంది, మందపాటి పైపు నెమ్మదిగా వేడెక్కుతుంది. ఒకే డబ్బాలోని పొడి కొట్టినా తేడా రావచ్చు. ఇక మూడు ఊళ్లలో, మూడు ఓవెన్లలో, మూడు కంపెనీల పొడులతో చేసినవి కలవాలంటే ఎలా కలుస్తాయి?

కొందరు షాపువాళ్లు "ఆర్‌ఏఎల్ 9005 సార్" అని ధీమాగా చెబుతారు. అది జర్మనీలో 1927లో మొదలైన రంగుల పట్టికలో జెట్ బ్లాక్ నంబరు. రంగు ఏదో చెబుతుంది, అంతవరకే. పలుకు ఎంత, మెరుపు ఎంత అన్నది ఆ నంబరులో లేదు. అదే 9005లో నున్నగా మెరిసేదీ ఉంటుంది, సన్న గరుకు ఉంటుంది, మొసలి తోలులాంటిదీ ఉంటుంది.

"ఇంత చిన్నదానికి ఇంత గొడవా, అందం పిచ్చి" అని కామెంట్లలో అంటారని తెలుసు. అందం గురించే అనుకున్నా తప్పేం లేదు, డబ్బు పెట్టింది నేను. కానీ అసలు సంగతి వేరే ఉంది. టెక్స్చర్ కింద చాలా దాగుతాయి. గ్రైండింగ్ గీతలు, వంకర వెల్డింగ్, రేకు మీది సొట్టలు నున్నటి కోటింగ్‌లో వెంటనే బయటపడతాయి, గరుకులో కలిసిపోతాయి. పైగా టెక్స్చర్‌ను పలుచగా కొడితే పలుకుల మధ్య పల్లాల్లో కోటింగ్ దాదాపు ఉండదు, తేమ నేరుగా ఇనుముకే తగులుతుంది. అందుకే కింద తుప్పును ఆపే ఎపాక్సీ ప్రైమర్ (అడుగు పూత), పైన ఎండకు ఆగే పాలియెస్టర్ పొడి అడగాలి. ఒట్టి ఎపాక్సీ అయితే మన ఎండలకు సుద్ద పట్టినట్టు తెల్లబడుతుంది. నా బంపర్ లోపలి మూలల్లో, వెల్డింగ్ కలిసే చోట, మొదటి వానాకాలానికే తుప్పు మొదలైంది. లోపలి మూలల్లోకి చార్జ్ ఉన్న పొడి సరిగా దూరదు, అంచులకే పోయి అంటుకుంటుంది. తెలిసినవాడు గన్ సెట్టింగ్ మార్చి ముందు మూలలే కొడతాడు.

రాక్ స్లయిడర్ ఉన్నదే రాళ్లకు రాసుకోవడానికి. గీత పడుతుంది, పడాలి కూడా. నున్నటి రంగు అయితే స్ప్రే డబ్బాతో సరిచేసుకోవచ్చు. టెక్స్చర్ మీద స్ప్రే కొడితే అక్కడ నున్నగా ఒక అతుకు వేసినట్టు ఉంటుంది. పాత గరుకు మీదే కొత్త పౌడర్ కొట్టిస్తే పలుకు మీద పలుకు లేస్తుంది. మొత్తం గీకించి, బ్లాస్టింగ్ (ఇసుకలాంటి రేణువులను గాలితో కొట్టి శుభ్రం చేయడం) చేయించి, మళ్లీ అదే పొడి కొట్టించాలి. ఏ పొడో అమ్మినవాడే చెప్పకపోతే ఆ పని ఎలా అవుతుంది?

ఫెండర్ల మీద కంపెనీ ప్లాస్టిక్‌తో కలపాలని మాత్రం ఎవరూ తాపత్రయపడకండి. ఆ తోలులాంటి గరుకు అచ్చులోదే. ఉక్కు అచ్చును యాసిడ్‌తో తినిపించి ఆ నమూనా తెస్తారు, ప్రతి ముక్కా అచ్చు గుద్దినట్టు వస్తుంది. గన్‌తో కొట్టేది దానికి సరితూగదు. మెరుపు ఒక్కటి దగ్గరగా ఉంటే కళ్లకు ఇబ్బంది ఉండదు. బండి ముందు భాగానికి పెట్టే ఇనుప గార్డు సంగతి ఎందుకు ఎత్తలేదంటారేమో, నేను పెట్టించలేదు. నడిచిపోయేవాళ్లకూ బండిలో ఉన్నవాళ్లకూ ప్రమాదమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖే వాటిమీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది.

చివరికి మూడూ విప్పించి బాలానగర్‌లో పౌడర్ కోటింగ్ చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఫోన్‌లో ఫొటో చూపించబోతే చూడలేదు. గోడకు తీగతో వేలాడదీసిన అరచేతంత రేకు ముక్కలు ఓ పది తీసి బల్ల మీద పరిచాడు. "అన్నా, రంగు తర్వాత. ముందు కళ్లు మూసుకుని గోరుతో గీకి చూడు" అన్నాడు. గీకాను. నాలుగోది బాగుందనిపించింది. మూడు పార్టులూ శుభ్రంగా బ్లాస్టింగ్ చేసి, ప్రైమర్ కొట్టి, ఒకే డబ్బా పొడితో ఒకే రోజు చేశాడు. పైపు మందం కాబట్టి స్లయిడర్లను ఓవెన్‌లో ఇంకాసేపు ఉంచాడు. వాటి పక్కనే ఒక ఖాళీ రేకు ముక్క కూడా వేలాడదీశాడు.

అమ్మేవాళ్లను నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. కోటింగ్ లేకుండా ఒట్టి ఇనుప పార్టు కావాలంటే ఇవ్వండి, ధర తగ్గించండి. కోటింగ్ చేసి అమ్మితే పొడి కంపెనీ పేరు, కోడ్ బిల్లు మీద రాయండి. అరచేతంత ముక్క ఒకటి పార్శిల్‌లో వేయండి. కొనేవాళ్లు కూడా డబ్బు కట్టకముందే ఇవి అడగండి. పది మంది అడిగితే పదకొండో వాడికి అడక్కుండానే ఇస్తారు.

ఆ రేకు ముక్క ఇప్పుడు నా గ్లవ్‌బాక్స్‌లో ఉంది. వెనకాల మార్కర్‌తో పొడి కోడ్, తేదీ రాసి ఇచ్చాడు. వచ్చే నెల జెర్రీక్యాన్ (ఇంధనం డబ్బా) పెట్టుకునే స్టాండ్ తీసుకుంటున్నా, ఒట్టి ఇనుముతోనే పంపమని చెప్పాను.