హంస రెక్కల బరువు

1872లో తీసిన ఫొటో అది. చిన్న పాప. భుజాలకు రెండు పెద్ద రెక్కలు. జుట్టు చెదిరి ఉంది. ముడిచిన చేతుల మీద వాలి నేరుగా మనకేసి చూస్తోంది. ఇటలీ చిత్రకారుడు రాఫేల్ బొమ్మల్లోని బుజ్జి దేవదూతల వాలకం తెలిసినవాళ్ళకు ఆ పోలిక వెంటనే తడుతుంది. కానీ ఆ చూపు దేవలోకానిది కాదు, ‘ఇంకా ఎంతసేపు?’ అని అడిగే చూపు. ఫొటోకు పెట్టిన పేరు ‘ఎదురుచూస్తున్నాను’. రెక్కలు ఎప్పుడు విప్పుతారా అనే ఆ ఎదురుచూపంతా అని నా అనుమానం.

ఇది నా కొంటె ఊహ కాదు. ఆ పాప తోబుట్టువు లారా పెద్దయ్యాక రచయిత్రి అయ్యారు. చిన్నప్పుడు తమను దేవదూతలుగా నిలబెట్టిన సంగతి 1925లో తన జ్ఞాపకాల్లో రాసుకున్నారు. బరువైన హంస రెక్కలను తమ చిన్న భుజాలకు కట్టారనీ, లేని స్వర్గపు ప్రాకారం మీద వాలిన ఆ ఫొటోల్లో తమ ముఖాలు దిగులుగా ఉండటంలో వింతేమీ లేదనీ ఆవిడ మాట. ఫొటో తీసింది పరాయివాళ్ళు కాదు, వాళ్ళ అమ్మమ్మకు స్వయానా అక్క, జూలియా మార్గరెట్ కామెరాన్. కలకత్తాలో పుట్టి, ఇంగ్లండులో ఫొటోగ్రఫీని కళగా నిలబెట్టినవాళ్ళలో ఒకరు.

బాల్యం, ఊహాలోకం అంటూ పిల్లల ఫొటోల ప్రదర్శనలు ఎక్కడ పెట్టినా నాకు ఈ రెక్కలే గుర్తుకొస్తాయి. 2018 మార్చి నుంచి మే వరకు లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ ‘విక్టోరియన్ జెయింట్స్’ పేరుతో నలుగురు తొలితరం ఫొటోగ్రాఫర్ల పనిని ఒకచోట చేర్చింది. కామెరాన్, ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ రాసిన లూయిస్ కారల్, ఆస్కార్ రేలాండర్, లేడీ క్లెమెంటీనా హావర్డెన్. గ్యాలరీ పోషకురాలు, అప్పటి కేంబ్రిడ్జి డచెస్ కేట్, చదువుకునే రోజుల్లో కారల్ తీసిన పిల్లల ఫొటోల మీదే సిద్ధాంత వ్యాసం రాశారు. అందుకే ప్రదర్శనకు వచ్చిన ప్రచారంలో బాల్యం ముచ్చట బాగా వినిపించింది. అందరూ మెచ్చుకున్నారు, మెచ్చుకోదగ్గదే. నా పేచీ ఒక్కటే. ఆ ఫొటోల్లో ఊహ ఉంది, నిజమే. కానీ అది ఎవరి ఊహ?

ఆ రోజుల పద్ధతి కూడా పిల్లలకు అనుకూలమైంది కాదు. గాజు పలకకు కొలోడియన్ అనే జిగురు ద్రావణం పూసి, వెండి లవణాల ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే చీకటి గదిలో కడగాలి. కామెరాన్ దగ్గరైతే నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి. కదిలితే ముఖం మసక. ఆటకు కదలిక కావాలి, కెమెరాకు కదలికే గిట్టదు. అందుకని ఆడుకుంటున్న పిల్లలు కాక, ఆడుకుంటున్నట్టు నిలబడ్డ పిల్లలు మనకు మిగిలారు.

ఆరేళ్ళ ఆలిస్ లిడెల్ సంగతే తీసుకోండి. ఆక్స్‌ఫర్డ్‌లో క్రైస్ట్ చర్చ్ కాలేజీ డీన్ గారి అమ్మాయి. కారల్ 1858లో ఆ పిల్లకు చిరిగిన బట్టలు తొడిగి, చేయి చాపించి, బిచ్చగత్తెగా గోడ పక్కన నిలబెట్టారు. కలవారి పిల్లకు పేదరికం ఒక వేషం. పిల్లలతో ఆయన మెలిగిన తీరుపైనా, కొన్ని ఫొటోలపైనా ఇవాళ్టికీ వాదాలు నడుస్తున్నాయి, వాటిని పక్కకు తోసేయలేం. అయితే ముసలితనంలో ఆలిస్ గుర్తు చేసుకున్నది వేరు. చీకటి గదిలోకి వెళ్ళి, ద్రావణంలో అటూ ఇటూ ఊగుతున్న గాజు పలక మీద బొమ్మ మెల్లమెల్లగా తేలడం చూస్తుంటే ఒళ్ళు పులకరించేదట. చూడండి, ఆ పిల్లకు మాయాలోకం కెమెరా ముందు దొరకలేదు, కెమెరా వెనక దొరికింది.

ఈ మాట రాస్తుంటే మా అక్క పూలజడ ఫొటో గుర్తొస్తోంది. తెలుగు ఇళ్ళలో చాలామందికి తెలిసిన ఫొటోనే. స్టూడియోలో నిలువుటద్దానికి వీపు పెట్టి నిలబెడతారు. ముందు ముఖం, వెనక అద్దంలో మల్లెమొగ్గల జడ, రెండూ ఒకే ఫొటోలో పడాలి. అక్క నడుముకున్న వడ్డాణం ఎదురింటి వాళ్ళది. ఫొటోలో పట్టుపావడా మెరుస్తోంది, ముఖం మాత్రం మెరవలేదు. “జడ బరువుకు మెడ పీకేసింది, అమ్మేమో నవ్వమంటుంది” అంటుంది అక్క ఇప్పటికీ. లారా రాసిన వాక్యం అక్క చదవలేదు, చదివితే ఎగిరి గంతేసేది. కృష్ణాష్టమికి నెమలిపింఛం పెట్టించుకుని ఏడుపు ముఖంతో కూర్చున్న బాలకృష్ణులకూ ఈ బాధ తెలుసు. పెద్దలు ముచ్చట తీర్చుకోవడం తప్పని అనను. ఆ ముచ్చటకు పిల్లల ఊహ అని పేరు పెట్టడమే నాకు మింగుడుపడదు.

విచిత్రమేమిటంటే ఈ తేడా కామెరాన్‌కు మొదట్లోనే తెలిసింది. 1863 చివర, ఆమెకు 48 ఏళ్ళప్పుడు, కూతురూ అల్లుడూ కెమెరా కానుకగా ఇచ్చారు. బొగ్గుల కొట్టు చీకటి గది అయింది, కోళ్ళ గూడు స్టూడియో అయింది. కోళ్ళకు విడుదల దొరికిందనీ, వాటిని ఎవరూ తిని ఉండరనే ఆశిస్తున్నాననీ ఆమే చమత్కరించారు. 1864 జనవరిలో ఆనీ అనే చిన్నపిల్లను తీసిన ఫొటో కుదిరింది. ‘నా తొలి విజయం’ అని పేరు పెట్టుకున్నారు. గుండీలు పెట్టిన మామూలు కోటు, పక్కకు తిరిగిన చూపు, అంతే. రెక్కలు లేవు. ఆ సంతోషంలో పిల్లకు కానుకలు వెతుకుతూ ఇల్లంతా పరుగెత్తాననీ, ఆ ఫొటోను పూర్తిగా ఆ పిల్లే తయారుచేసినట్టు అనిపించిందనీ కామెరాన్ తర్వాత రాశారు. నా మటుకు ఆమె తీసిన పిల్లల ఫొటోల్లో ఇదే మేలైనది. ఆనీ ఏమాలోచిస్తోందో మనకు అందదు, ఆ అందకపోవడంలోనే పిల్ల ఉంది.

కెమెరాను పిల్లల చేతికే ఇస్తే? అమెరికన్ ఫొటోగ్రాఫర్ వెండీ ఎవాల్డ్ 1970ల్లో కెంటకీ కొండప్రాంతంలోని లెచర్ కౌంటీ బడుల్లో ఆ పని చేశారు. చిన్న ఇన్‌స్టామాటిక్ కెమెరాలు. ఊరికే పంచలేదు, పది డాలర్లకు కొనుక్కోమన్నారు. మిమ్మల్ని మీరు తీయండి, ఇంటివాళ్ళను తీయండి, జంతువులను తీయండి, మీ కలలను తీయండి అన్నారు. 1989లో గుజరాత్‌లోని విఛ్యా ఊరి పిల్లలతోనూ ఇదే పద్ధతిలో పనిచేశారు.

కెంటకీ పిల్లల కలల్లో హంస రెక్కల దేవదూతల కోసం వెతక్కండి. ఒక కుర్రాడి ఫొటో పేరు, ‘నా ప్రాణస్నేహితుణ్ణి చంపేసినట్టు కల వచ్చింది’. చెట్టు కొమ్మల చీలికలో ఒక పిల్లవాడు ఒళ్ళు వదిలేసి పడి ఉన్నాడు, శవంలా. ఏ పెద్దమనిషైనా బాల్యం గురించి ప్రదర్శన పెడుతూ ఈ దృశ్యాన్ని కల్పిస్తాడా? కల్పించినా గోడకు తగిలించే ముందు పదిసార్లు వెనకాడతాడు. కల కన్నవాడికి ఆ సంకోచం లేదు. చెట్టు మీది పిల్లవాడు కూడా లారాలాగే, మా అక్కలాగే కదలకుండా ఉన్నాడు. కాకపోతే అతన్ని కదలొద్దన్నది తోటి పిల్లవాడు.