డివిడెండ్ ఈల్డ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డివిడెండ్ ఈల్డ్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. కంపెనీ ఏడాదిలో వాటాదారులకు పంచే లాభం, అంటే డివిడెండ్, షేరు ధరలో ఎంత శాతమో చెప్పే అంకె మీరు. మీరు కుశలమే, మొన్నటికి తొమ్మిది శాతం దగ్గరున్నారు. నేనే మిమ్మల్ని చూసి కొన్న షేరు మొహం చూడలేక యాప్ తెరవడం మానేశాను.

మన పరిచయం గుర్తుందా? ఒక రాత్రి ఫైనాన్స్ కంపెనీల జాబితా తెరిచి, మీ పేరున్న వరస మీద ఒక్క నొక్కు నొక్కాను. పెద్ద అంకెలు పైకి, చిన్నవి కిందికి వచ్చాయి. అందరికంటే పైన మీరు. నా పరిశోధన అంతటితో పూర్తయింది. అడుగున రెండు శాతం దగ్గరున్న బ్యాంకుల్ని చూసి, పాపం వీళ్లకి పెట్టే చెయ్యి లేదు కాబోలు అనుకున్నాను.

మీరింత లావెలా అయ్యారో అడగాలని తోచలేదు. షేరు ధర వంద, డివిడెండ్ నాలుగు అయితే మీరు నాలుగు శాతం. ధర యాభైకి పడితే ఎనిమిది. కంపెనీ ఒక్క పైసా ఎక్కువ ఇవ్వకపోయినా మీరు రెట్టింపవుతారు. ఇంటాయన మంచాన పడితే ఒళ్లు చేసే చుట్టాన్ని మిమ్మల్నే చూశాను. పైగా మీ లెక్కంతా నిరుడు ఇచ్చిన డివిడెండ్ మీద. వచ్చే ఏడు ఇస్తారో లేదో మీకూ తెలీదు, అయినా ఆ ధీమా చూడాలి!

అమెరికాలో న్యూయార్క్ కమ్యూనిటీ బ్యాంకార్ప్ ఏళ్ల తరబడి మూడు నెలలకోసారి 17 సెంట్లు పంచింది. 2024 జనవరి 31న దాన్ని 5 సెంట్లకు కోసేసరికి ఆ ఒక్కరోజే షేరు మూడో వంతుకు పైగా పడింది. ముందురోజు సాయంత్రం మీరెంతున్నారు? ఆరు శాతం పైనే, నిండు చంద్రుడిలా. కూలిన సిగ్నేచర్ బ్యాంకు ఆస్తులు కొన్నాక ఆ బ్యాంకు సైజు పది వేల కోట్ల డాలర్లు దాటి, మూలధనం నిబంధనలు బిగిశాయని, ఆఫీసు భవనాలకిచ్చిన అప్పులు పీకలమీదికొచ్చాయని మీరు చెప్పారా? మార్చికల్లా 1 సెంటు.

బ్యాంకు సొంత డబ్బు పది ఉంటే, అప్పులు వంద ఇస్తుంది. అందులో ఐదు మునిగితే సొంత డబ్బులో సగం ఎగిరిపోయినట్టే. మొండి బాకీలకు ఎంత పక్కన పెట్టాలన్నదాంట్లో కొంత యాజమాన్యం అంచనా ఉంటుంది. ఆ అంచనా తక్కువగా వేస్తే లాభం నిగనిగలాడుతుంది, లాభంలో ఎంత వంతు పంచారో చెప్పే మీ తమ్ముడు పేఔట్ రేషియో కూడా సన్నగా, ఆరోగ్యంగా కనిపిస్తాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే అద్దంలో చూసుకుంటారు మరి. (ఆ వివరాలు వార్షిక నివేదికలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంటాయి. నేను చదివింది ఛైర్మన్ నవ్వుతున్న ఫొటో ఉన్న పేజీ.)

లాభమున్నా చాలదు, పైనున్న నియంత్రకుడు సరేననాలి. 2020 మార్చిలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు, డివిడెండ్లు ఆపండని బ్యాంకులకు చెప్పింది. ఆ రోజుల్లోనే బ్రిటన్ నియంత్రకుల మాటతో హెచ్‌ఎస్‌బీసీ అప్పటికే ప్రకటించిన డివిడెండ్‌ను కూడా రద్దు చేసుకుంది.

మీరు పుట్టు మోసగాళ్లని అనను. చవగ్గా డిపాజిట్లు దొరికి, లాభంలో మూడో వంతే పంచి, గడ్డుకాలంలోనూ చెల్లింపు ఆపని బ్యాంకులో మీరు రెండు మూడు శాతం దగ్గర ఒద్దికగా కూర్చుంటారు. ఆ ఒద్దికకే నేను మిమ్మల్ని దాటుకుని వెళ్లిపోయాను.

నిన్న నా ఖాతాలో డివిడెండ్ పడిందని మెసేజొచ్చింది. ఎక్స్-డివిడెండ్ రోజునే, అంటే ఇక కొన్నవాళ్లకి ఆ డివిడెండ్ రాని మొదటి రోజునే, షేరు ధర ఇంచుమించు అంతమేరా దిగింది. కుడిజేబులోంచి తీసి ఎడమజేబులో వేసినందుకు థాంక్స్ చెప్పాలంటారా?

ఇట్లు,
కొన్న ధరకు నలభై శాతం దిగువనున్న
మీ వాటాదారు

తా.క.: ఇంకా అమ్మలేదు. తర్వాతి డివిడెండ్ కూడా తీసుకుని అమ్ముదామని.