మూడో క్లారినెట్ అంటే మూడో ర్యాంకు కాదు

హైస్కూల్ విండ్ ఎన్‌సాంబుల్‌లో, అంటే ఊదే వాద్యాల బృందంలో, మా అమ్మాయికి థర్డ్ క్లారినెట్ (మూడో క్లారినెట్ కోసం విడిగా రాసిన భాగం) వచ్చిందని ఫోన్‌లో చెప్పగానే మా అమ్మ, "మరి ఫస్టు ఎవరికొచ్చిందే?" అంది. ఆవిడనని ఏం లాభం? ఇక్కడ అమెరికాలో మన పాట్‌లక్ విందుల్లోనూ అదే ప్రశ్న. పిల్లకి పై చెయిర్, అంటే పై స్థానం, ఎందుకివ్వలేదని టీచర్‌కి ఈమెయిల్ పెట్టేవాళ్లూ ఉన్నారు. అసలు ఈ ఎన్‌సాంబుల్ ఎలా పుట్టిందో తెలిస్తే ఆ ఈమెయిల్ రాయబుద్ధి కాదు.

న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయంలో ఫ్రెడరిక్ ఫెనెల్ అనే బ్యాండ్ మాస్టారు ఉండేవారు. అప్పట్లో కాలేజీ బ్యాండంటే జాతరే. ఒకే క్లారినెట్ భాగాన్ని ఎంతోమంది కలిసి వాయించేవారు. ఒకడు తప్పినా పక్కవాడి శబ్దంలో కలిసిపోయేది. 1951 ఫిబ్రవరిలో ఆయన ఒక కచేరీ పెట్టారు. అందులో మొజార్ట్ రాసిన సెరెనేడ్ అనే సంగీత రచన ఒకటి, మొత్తం పదమూడు వాద్యాలకు రాసింది. ఒక్కో భాగానికి ఒక్కరే. ఎవరి ఊపిరి వాళ్లదిగా వినపడింది. ఆ ఏడాది చివర్లో హెపటైటిస్‌తో మంచం పట్టినప్పుడు, పెద్ద బృందాన్ని కూడా ఇలాగే ఎందుకు నడపకూడదని ఆలోచించి, మంచం మీదే వాద్యాల లెక్క వేసుకున్నారు. 1952లో ఈస్ట్‌మన్ విండ్ ఎన్‌సాంబుల్ మొదలైంది. మీ ఇష్టమొచ్చినట్టు రాయండంటూ వందలమంది స్వరకర్తలకు ఉత్తరాలు రాశారు. ఆ తర్వాత వచ్చిన రికార్డుల వల్ల ఈ పద్ధతి దేశమంతా పాకింది.

పూర్తిగా కొత్త ఆలోచనేం కాదులెండి. వియన్నాలో చక్రవర్తి రెండో జోసెఫ్ 1782లోనే ఎనిమిదిమందితో ఇలాంటి మేళం పెట్టుకున్నాడు.

భాగానికి ఒక్కరే అనే ఈ నియమాన్ని అన్ని స్కూళ్లూ గట్టిగా పాటించవు. మా అమ్మాయి స్కూల్లో పాటిస్తారు. రోజూ సాయంత్రం క్లారినెట్ మూతికి పెట్టే రీడ్ అనే పల్చటి పుల్లని నోట్లో పెట్టుకుని తడుపుతూ మెట్లు దిగుతుంది. మన సన్నాయివాళ్లు చేసే పనే. తన భాగంలో అసలు పాట ఉండదు. కింద ఎక్కడో నడిచే పొడుగు స్వరాలే. వినడానికి బోరే, ఒప్పుకుంటాను. కానీ మొన్న జ్వరమొచ్చి మానేసిన రోజున టీచర్ మధ్యలో ఆపేసి, "ఇక్కడేదో తగ్గింది" అన్నారట.

ఆ సంగతి మా అమ్మాయి మా అమ్మకి ఫోన్‌లో చెప్పింది.

"అదేంటే, నీ బదులు వాయించడానికి ఇంకెవరూ లేరా?"

"లేరు అమ్మమ్మా. థర్డ్ నేనొక్కదాన్నే."