ఆ చూపును బెదిరింపు అనేముందు

రైల్లో సైనిక యూనిఫాంలో ఉన్న మనిషి తదేకంగా చూశాడు, పలకరిస్తే పలకలేదు కాబట్టి అది బెదిరింపేనని ఒక వ్యాసంలో తేల్చేశారు. అంత తొందరెందుకు? ముందు చెవుల సంగతి చూడండి. రైఫిల్ పేలితే కాల్చేవాడి చెవి దగ్గర మోత 150 డెసిబెల్స్ దాటుతుంది. 140 దాటితే ఒక్క పేలుడుకే వినికిడి దెబ్బతినొచ్చు. సాధారణంగా ముందు పోయేవి స, ష, ఫ లాంటి సన్నని ధ్వనులు. అలా చెవి దెబ్బతిన్న సైనికుడికి రైలు రొదలో మాట వినపడుతుంది గానీ అర్థం కాదు. అందుకని పెదాలకేసి చూస్తాడు. మనకేమో గుచ్చి చూసినట్టుంటుంది.

గోడకు వీపు ఆనించి తలుపు కనిపించేలా కూర్చోవడం, ముఖం కన్నా ముందు చేతులు చూడడం కాపలా డ్యూటీ అలవాట్లు. సెలవు మీద వచ్చినంత మాత్రాన పోవు. వెనక నుంచి భుజం తట్టకండి, ఉలిక్కిపడి చెయ్యి విసరొచ్చు. ఎదురుగా వచ్చి, బారెడు దూరంలో ఆగి, మామూలు గొంతుతోనే మాట్లాడండి. (అరిస్తే మాట ఇంకా చెదురుతుంది.)

వెంటపడడం, దారికి అడ్డం నిలబడడం మాత్రం వేరే లెక్క. అక్కడ ఈ కారణాలేవీ పనికిరావు. జనంలోకి జరిగి పోలీసులకు ఫోన్ చేయండి. పేరుపట్టీ, భుజం మీది యూనిట్ గుర్తు గమనించి పెట్టుకుంటే ఫిర్యాదులో పనికొస్తాయి.