తలకిందుల నామం

గ్రీన్ కార్డ్ వచ్చాక ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి పడుతుంది. మా పక్కింటి నెల్లూరాయన పడవ కొన్నాడు. నేను తుపాకి కొన్నాను.

కాల్చడానికి కాదు లెండి. పాత మిలిటరీ తుపాకుల మీది ముద్రలు చదివి వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పే వీడియోలు ఆరు నెలలుగా రాత్రిపూట చూస్తున్నాను. ఆరు నెలలు వీడియోలు చూసినవాడికి ఉండే ధైర్యం ఆ విద్యలో తల పండినవాడికి కూడా ఉండదు.

డాలస్ దగ్గర ఒక గన్ షో. నుమాయిష్‌లో దుప్పట్లు పరిచినట్టు బల్లల మీద తుపాకులు పరిచారు. ఒక మూల కనిపించింది మార్టినీ-హెన్రీ. 1871లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన రకం. 1879లో దక్షిణాఫ్రికాలో జూలూల మీద యుద్ధానికి వెళ్ళింది ఇదే. ఒకసారికి ఒకే తూటా. ట్రిగ్గర్ కింద పొడవాటి లివర్ ఉంటుంది. అది కిందికి లాగితే పైన మొసలి నోరు తెరిచినట్టు తెరుచుకుంటుంది.

కుడి పక్కన కిరీటం, దాని కింద వి.ఆర్., ఇంకా కింద ఎన్‌ఫీల్డ్ అని ఫ్యాక్టరీ పేరు, తయారైన ఏడాది. వి.ఆర్. అంటే విక్టోరియా రెజైనా, మహారాణీవారి ముద్ర. పైనంతా నల్లటి జిడ్డు. అమ్మేవాడు దాని మీద వేలు పెట్టి "1887" అన్నాడు. నాకూ అలాగే కనిపించింది. 1898 దాటకుండా తయారైనది ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం యాంటిక్ కింద లెక్క, కాగితాల గొడవ లేదు. ఆరు వందల డాలర్లు ఇచ్చాను. ఇంట్లో రెండు వందల యాభై అని చెప్పాను.

అన్నిటికంటే నాకు నచ్చింది బాణం గుర్తు. మూడు గీతలు పైన ఒకచోట కలుస్తాయి, తిరునామాన్ని తలకిందులుగా పెట్టినట్టు. సర్కారు సొత్తు అని దాని అర్థం. సైన్యం అమ్మేసిన తుపాకి మీద రెండో బాణాన్ని మొదటిదానికి మొనకు మొన ఆనేలా కొడతారు. నా దాని మీద ఒకటే ఉంది. అంటే ఇది ఇప్పటికీ మహారాణి సొత్తే, అనుకుని పొంగిపోయాను.

"ఆవిడదైతే ఆవిడకే పంపించెయ్యండి" అంది మా ఆవిడ.

దసరా వచ్చింది. తణుకు నుంచి అత్తయ్యగారు, మావయ్యగారు వచ్చి నెల అయింది. మావయ్యగారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. గరాజ్‌లో కార్లకు నిమ్మకాయలు, లాప్‌టాప్‌కు పసుపు, మిక్సీకి బొట్టు అయ్యాక గోడ వైపు చూశారు.

"ఇన్నేళ్ళూ ఆయుధ పూజంటే కత్తిపీటకీ స్కూటర్‌కీ చేశానండి అల్లుడుగారూ. అసలు సిసలు ఆయుధం ఇంట్లో పెట్టుకుని మిక్సీకి పూజేంటండీ?"

"విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు మామూలుగా ఇక్కడ తుపాకి పట్టుకోకూడదు మావయ్యగారూ."

"నేనెందుకు పట్టుకుంటానండీ? మీరే పట్టుకోండి. బొట్టు పెట్టకూడదని చట్టంలో లేదు కదా?"

లేదు. నేను పట్టుకున్నాను. ముందు గుడ్డతో జిడ్డంతా తుడిపించారు. తడి విభూతి మూడు వేళ్ళతో సరిగ్గా ముద్రల మీదే అడ్డంగా పట్టించారు. మరీ మందంగా పడిందని, ఆరాక కండువాతో తుడిచారు. పైపైన ఉన్నది పోయి, గుంటల్లోది అలాగే ఉండిపోయింది. నల్లటి ఇనుము మీద అక్షరాలన్నీ పలక మీద సుద్దతో రాసినట్టు తెల్లగా తేలాయి.

"తాతయ్యా, ఎన్ తిరగేసి రాశారు" అంది మా అమ్మాయి. దానికి ఆరేళ్ళు. అలా రాస్తే దాని టీచర్ ఎర్ర సున్నా చుడుతుంది.

మావయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని వంగారు. అక్షరాలు వదిలేసి అంకెల దగ్గర ఆగారు.

"విక్టోరియా మహారాణి ఎప్పుడు పోయిందండి?"

తొమ్మిదో తరగతిలో బెంచీ మీద నిలబెట్టి అడిగినట్టే అడిగారు. నేను నీళ్ళు నమిలాను.

"1901 జనవరి 22. ఆ తరవాత ఏడో ఎడ్వర్డ్. ఈ.ఆర్. అని ఉండాలి. ఇక్కడ వి.ఆర్. వేసి కింద 1907 అంటున్నాడు. ఆరు తద్దినాలయ్యాక ఆవిడొచ్చి ముద్ర వేసిందంటారా?"

అక్కడే ఫోన్ తీశాను. పాకిస్తాన్‌లో పెషావర్‌కు దక్షిణంగా దర్రా ఆదమ్‌ఖేల్ అని ఊరుంది. తరతరాలుగా అక్కడ తుపాకులు చేత్తో చేస్తారు. అసలుది ఒకటి ముందు పెట్టుకుని, ఆకురాయితో అరగదీసి, ముద్రలతో సహా దించేస్తారు. ఇంగ్లీషు రానివాడికి అక్షరం కూడా ముగ్గు లాంటిదే, ఎటు తిరిగినా ముగ్గే. అఫ్ఘానిస్తాన్ వెళ్ళిన అమెరికా సైనికులు ఇలాంటివి జ్ఞాపకంగా తెచ్చుకున్నారు. తిరగబడ్డ ఎన్, తప్పు స్పెల్లింగ్, 1901 దాటిన వి.ఆర్. కనిపిస్తే అనుమానించాల్సిందే. అసలు మార్టినీ-హెన్రీల తయారీయే 1889 ప్రాంతంలో ఆగిపోయింది. ఆ 1907 కూడా ముగ్గే కాబట్టి ఇది 1960లో పుట్టినా ఆశ్చర్యం లేదు. అంటే యాంటిక్ అన్న మాటా పోయింది. ఇనుము ఎలాంటిదో ఎవరికీ తెలియదు, పొరపాటున కూడా తూటా పెట్టకూడదట.

ఇదంతా నేను చూసిన వీడియోల్లోనే ఉంది. పన్నెండో దాంట్లో. ఆ రాత్రి సగంలో నిద్రపోయాను.

"చూచిరాతండి" అన్నారు మావయ్యగారు, పాత స్నేహితుడు కనిపించినంత సంతోషంగా. "ముందు బెంచీవాడి పేపర్ దించేవాడు తప్పులొక్కటే దించడు, వాడి హాల్ టికెట్ నంబర్ కూడా దించేస్తాడు. కానీ చేత్తో ఇంత పని చేశాడంటే... వీడికి పాస్ మార్కులు వెయ్యాల్సిందేనండి."

మా ఆవిడ కుంకుమ గిన్నె పట్టుకుని నాకు ఎదురుగా వచ్చి నిలబడింది. బాణం గుర్తులో విభూతి ఇంకా తెల్లగానే ఉంది.

"ఏమండీ, ఇది నామం కాదూ?"

"తలకిందులుగా ఉంటుంది. అది బాణం."

"మీ వైపు నుంచి తలకిందులేమో. నా వైపు నుంచి సరిగ్గానే ఉంది. పంగనామం. ఇంతకీ ఎంత పెట్టారన్నారు?"

"రెండు వందల యాభై."

మావయ్యగారు కళ్ళజోడు తీసి కండువాతో తుడుచుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"అది కూడా ఆకురాయితో అరగదీసిన అంకెలాగే ఉందండి అల్లుడుగారూ."