ఆటోఫోకస్ గారికి, భూర్జ వృక్షం సాక్షిగా

నా కెమెరాలో గురి కుదిర్చే మహారాజశ్రీ ఆటోఫోకస్ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, నిన్న మధ్యాహ్నం తమరు గురి చూసిపెట్టిన 212 ఫోటోలను రాత్రంతా కూర్చుని ఒక్కొక్కటిగా చూశాను. అన్నింటిలోనూ ఒకే భూర్జ వృక్షం, అంటే బర్చ్ చెట్టు, ఉంది. దాని బెరడు పొర ఎక్కడ లేచిందో, ఏ పగులులో మంచు రవ్వ ఇరుక్కుందో, ఊడిన కొమ్మల మచ్చలు ఎన్ని ఉన్నాయో ఇప్పుడు నేను నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఆ చెట్టుకు ముందు బూడిదరంగు పొగలాగా అడ్డుపడుతున్నది ఫిన్లాండ్ వారు లాపిన్‌పొల్లో అని పిలుచుకునే పెద్ద బూడిద గుడ్లగూబ. దానికోసమే ఆ దేశపు ఈశాన్యాన, కూసమో అడవుల అంచున, మైనస్ 22 డిగ్రీల చలిలో నాలుగు రోజులుగా కళ్లు కాయలు కాచేలా నిలబడ్డాను.

తమ తోటి ఉద్యోగుల మీద నాకు పెద్ద ఫిర్యాదులు లేవు. బ్యాటరీ గారు చలికి మూర్ఛపోయినా, లోపలి జేబులో కాసేపు పడుకోబెడితే తేరుకుంటారు. వెలుగు కొలిచే మీటరు గారు లోకంలో ఇంత తెలుపు ఉండటానికి వీల్లేదని నిశ్చయించుకుని మంచును బూడిద చేస్తారు గానీ, ఒకటిన్నర స్టాపు వెలుగు పెంచితే దారికి వస్తారు. వీరెవరూ తమకు అన్నీ తెలుసని చెప్పుకోలేదు. తమరు చెప్పుకున్నారు. పక్షి కన్నును తమంతట తామే కనిపెట్టి, అది ఎటు ఎగిరినా వదలకుండా వెంటాడతామని డబ్బా మీద అచ్చు కూడా వేయించుకున్నారు.

లాపిన్‌పొల్లోను తమరు ఇంతవరకు చూడలేదు గనుక దాని సంగతి మనవి చేస్తాను. రెక్కలు చాస్తే దాదాపు ఒకటిన్నర మీటరు వచ్చే ఈ పక్షి బరువు కిలోకు కాస్త అటూ ఇటూ మాత్రమే; మిగిలినదంతా ఈకల ఆడంబరం. గుడ్లగూబలన్నింటి ముఖాల్లోనూ పెద్దదైన దాని గుండ్రని ముఖం ఒక దొప్పలాగా పనిచేసి, మంచు కింద తిరుగుతున్న వోల్ అనే చిట్టెలుక చప్పుడును పోగుచేసి చెవులకు అందిస్తుంది. అర మీటరు మంచు కింద ఎలుక ఉన్నా దానికి దొరుకుతుంది. మంచు ఆ చప్పుడును వంచి, ఎలుక ఉన్నచోట కాక మరోచోట ఉన్నట్టు భ్రమపెడుతుందనీ, ఆ భ్రమలో పడకుండా ఉండటానికే గుడ్లగూబ ఎలుకకు సరిగ్గా పైన, గాలిలో రెక్కలాడిస్తూ ఆగి, ఆ తర్వాతే దూకుతుందనీ 2022లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. కంటికి కనబడని ఎలుక మీద ఆ పక్షి చెవితో గురి కుదుర్చుకుంటుంది. తమరికేమో మూరన్నర పొడవున్న పక్షి ముప్పై మీటర్ల దూరంలో, పట్టపగలు, కంటి ఎదుటే ఉంది.

నేను కోరుకున్నది గాలిలో ఆగే ఆ క్షణాన్నే. నలభై నిమిషాలు స్ప్రూస్ చెట్టు చివర కదలకుండా కూర్చున్న గుడ్లగూబ చివరికి రెక్కలు విప్పి, పొలం మీదికి వచ్చి, కాళ్లు వేలాడదీసి, గాలిలో నిలిచింది. మీట నొక్కాను. తమ ఆకుపచ్చని చతురస్రం బుద్ధిగా దాని ముఖం మీద వాలింది, అరక్షణం అక్కడే ఉంది, ఆపైన జారి వెనకనున్న భూర్జం మొద్దు మీదికి పోయి కూర్చుంది. కొమ్మ ఊడిన చోట ఆ చెట్టు బెరడు మీద నల్లని మచ్చ, దానిపైన కనుబొమ్మలాంటి గీత మిగులుతాయి. అవి అచ్చం కళ్లలాగే ఉంటాయని, మునిమాపు వేళ ఆ అడవిలో నడిచేవారికి గుండె ఝల్లుమంటుందని నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ కన్నుకు రెక్కలు లేవే!

ద్రోణుడి పరీక్షలో చెట్టు కనిపిస్తోందన్నవారిని విల్లు దించి పక్కకు పొమ్మన్నారు. తమరు ఒక అడుగు ముందుకు వేసి, చెట్టుకే కన్ను మొలిపించి, అదే పక్షి అన్నారు. అర్జునుడి ముందున్నది కదలని బొమ్మ పక్షి అనీ, అక్కడ మంచు తుంపర లేదనీ, ఈ గుడ్లగూబ ఈకలు చెట్టు బెరడును తలపిస్తాయనీ, గట్టి అంచు ఉన్నచోటికి తమ మనసు లాగడం సహజమనీ తమ తరఫున వాదించేవారున్నారు. ఒకే ఫోకస్ బిందువు పెట్టుకుని తీయవలసిందని నాకు సలహా ఇచ్చేవారూ ఉన్నారు. రెండు పొరల చేతితొడుగుల్లోంచి ఆ బిందువును మార్చే మీటను ఒకసారి వెతికి చూడవలసిందిగా వారిని ప్రార్థిస్తున్నాను.

ఇక మర్యాద చాలు. మీట వదిలి మళ్లీ నొక్కాను, నువ్వు చెట్టు దగ్గరికే పోయావు. ఇంకోసారి నొక్కాను. పక్షి వైపు వస్తున్నట్టే వచ్చి, దారిలో రాలుతున్న మంచు రేకును పలకరించి, మళ్లీ చెట్టునే కౌగిలించుకున్నావు. గుడ్డికన్ను మూసినా ఒకటే, తెరిచినా ఒకటే అని పెద్దలు ఊరికే అనలేదు. నేను తొడుగును పళ్లతో లాగి పారేసి ఫోకస్ రింగు పట్టుకునేసరికి, గుడ్లగూబ మంచులోకి దూకింది, ఎలుకతో లేచింది, చెట్ల వెనక్కి వెళ్లిపోయింది. నాకు మిగిలినవి కొయ్యబారిన వేళ్లు, మంచులో ఒక గుంట, దానికి ఇరుపక్కలా రెక్కల ముద్రలు. ఆ ముద్రలను మాత్రం ఈక ఈకా తెలిసేలా పట్టావు, అవి ఎక్కడికీ పోవు కదా!

నిన్ను అమ్మేయాలని రాత్రే నిర్ణయించుకున్నాను. అయితే అబద్ధం ఆడలేను. రెండో రోజు పొద్దున నీ చతురస్రం ఉత్త మంచుకుప్ప మీద, ఒక నల్లని చుక్క దగ్గర అంటుకుపోయి ఎంతకూ కదలకపోతే, నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పుడు ఆ చుక్క రెప్ప వేసింది. అది విల్లో టార్మిగన్ అనే మంచుపక్షి. చలికాలానికి ఒళ్లంతా తెల్లబడి, కాలివేళ్ల దాకా ఈకలు తొడుక్కుని, నాకు ఆరేడు మీటర్ల దూరంలోనే కూర్చుని ఉంది. నాకు కనబడలేదు, నీకు కనబడింది. నల్లచుక్క కనిపిస్తే కన్ను అనుకోవడమే నీ విద్య మొత్తం; ఆ ఉదయం అది నిజంగానే కన్ను అయింది. ఆ ఫోటోను ఇప్పటికి ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో నీకు చెప్పను.

రేపు తెల్లవారకముందే మళ్లీ అదే పొలం అంచుకు వెళ్తున్నాను. వేరే గతి లేక నిన్నూ తీసుకువెళ్తున్నాను. చేతితొడుగు బొటనవేలి కొసను ఇప్పుడే కత్తిరించి పెట్టాను. ఆ భూర్జ వృక్షం ఎప్పటిలాగే అక్కడ నిలబడి ఉంటుంది. దాన్ని చూడనట్టు నటించు.

ఇట్లు,
212 చెట్టు కళ్లకు యజమాని